షోగన్ బిరుదు షావుకారుకు

1705లో జపాన్‌లోని ఒసాకాలో యోదోయా తత్సుగొరో అనే వర్తకుడి ఆస్తినంతా ప్రభుత్వం జప్తు చేసింది. బియ్యం వ్యాపారం, ప్రభువులకు అప్పులివ్వడం ఆ ఇంటి వృత్తి. గదికి గాజు పైకప్పు వేయించి, దాని మీద నీళ్లు నింపి, బంగారు చేపల్ని వదిలి, కింద పడుకుని చూసేవాడట. ఈ కథలో కొంత మసాలా ఉంటే ఉండొచ్చు. అతని మీద మోపిన తప్పుగా చెప్పేది మాత్రం ఇది: వర్తకుడై ఉండి తాహతుకు మించి బతకడం.

అది జపాన్‌ను ఏలిన సేనానులు, తోకుగావా షోగన్ల కాలం. సమాజంలో పై మెట్టున సమురాయ్ యోధుడు, ఆ కింద రైతు, చేతిపనివాడు, అందరికంటే కింద వర్తకుడు. ఆ మెట్లన్నిటికీ పైన కూర్చున్న షోగన్ బిరుదుల్లో ఒకటి 'తైకున్'. అంటే మహాప్రభువు. మన పత్రికల్లో కనిపించే 'బిజినెస్ టైకూన్' ఆ మాటే!

ఈ బిరుదు వెనక ఒక చిక్కుంది. క్యోటోలో చక్రవర్తి ఉండగా షోగన్ తనను రాజుననుకోలేడు. ఉత్త 'సేనాని' అని రాస్తే పరాయి రాజుల ముందు చిన్నతనం. అందుకే 1630లలో కొరియాతో ఉత్తర ప్రత్యుత్తరాల కోసం 'తైకున్'ను ఖాయం చేశారు. దేశం లోపల దీని వాడకం తక్కువే.

1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ యుద్ధనౌకలు జపాన్‌కు వచ్చాయి. 1858 నాటి వాణిజ్య ఒప్పందంలో అమెరికన్లు షోగన్‌ను 'హిజ్ మెజెస్టీ ది టైకూన్' అని రాసుకున్నారు. ఆయనే రాజనుకున్నారు పాపం.

మాట ఓడెక్కి అమెరికా చేరింది. లింకన్ దగ్గర పనిచేసిన కుర్ర కార్యదర్శులు జాన్ హే, జాన్ నికోలే తమ అధ్యక్షుణ్ని చాటుగా 'టైకూన్' అనుకునేవారు. 1867లో ఆఖరి షోగన్ అధికారం వదులుకున్నాడు. బిరుదు ఖాళీ అయింది. 1920లలో టైమ్ పత్రిక దాన్ని కోటీశ్వరులకు తగిలించి ఊరంతా తిప్పింది.

తెలుగులో వ్యాపారికి ఇలా ఎవరి కిరీటమో అరువు తేవాల్సిన పని పడలేదు. 'శ్రేష్ఠి'లోంచి సెట్టి ఎప్పుడో వచ్చాడు. దిక్కుల్ని మోసే ఏనుగును తెచ్చి 'వ్యాపార దిగ్గజం' చేసింది మాత్రం పత్రికలవాళ్లే.

జపాన్ సంగతి ఇంకా తమాషా. 1673లో ఈడోలో (నేటి టోక్యోలో) బట్టల కొట్టు తెరిచిన మిత్సుయి కుటుంబం ఆ అడుగు మెట్టు నుంచే లేచి బ్యాంకులు, గనుల దాకా ఎదిగింది. అలాంటి సంపన్న కుటుంబాల వ్యాపార సామ్రాజ్యాలకు జపనీయులు పెట్టుకున్న పేరు 'జైబాత్సు'. తైకున్ జోలికి వాళ్లు పోలేదు.