బల్బు మారిస్తే వెలుగొస్తుందా?

కురిచేడు నుంచి దర్శి వైపో, వినుకొండ వైపో రాత్రిపూట బండి మీద వెళ్ళేవాళ్ళకి హెడ్‌లైటు సోకు కాదు, అవసరం. ఊరు దాటితే వీధిదీపాలుండవు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు, రోడ్డుకడ్డంగా పడుకున్న గేదె... దగ్గరికొచ్చేదాకా కనపడవు. అందుకే "అన్నా, మాంచి తెల్ల బల్బొకటి వెయ్యి" అని మెకానిక్కుని అడగడం మా వైపు మామూలే. ఈ హెడ్‌లైట్ల చరిత్ర తిరగేస్తే మాత్రం ఒక సంగతి కనిపిస్తుంది. వెలుగు పెరిగిన ప్రతిసారీ బల్బుతో పాటు కరెంటో, దాని వెనకున్న అద్దమో కూడా మారింది.

తొలినాటి మోటారు సైకిళ్ళ దీపాలకి అసలు కరెంటే లేదు. కార్బైడు మీద నీటిచుక్కలు పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువుని వెలిగించేవాళ్ళు (మామిడికాయలు మాగబెట్టే కార్బైడే అది!). 1920ల్లో లూకాస్ కంపెనీ మాగ్నెటోనీ, డైనమోనీ కలిపి 'మాగ్‌డైనో' తెచ్చింది. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, ఒకటి దూరానికి, ఇంకోటి డిప్పుకి, వచ్చింది కూడా ఆ దశాబ్దంలోనే.

మన దేశానికొస్తే, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మొదలైంది. తర్వాత మైసూరు జావా, రాజ్‌దూత్. అప్పట్లో అన్నీ 6 వోల్టుల బళ్ళే. తిరకాసంతా అక్కడే. 36 వాట్ల బల్బుకి 6 వోల్టులైతే 6 ఆంపియర్లు కావాలి, 12 వోల్టులైతే 3 చాలు. కరెంటు సగమైతే అదే వైరులో వృథా నాలుగో వంతుకి పడిపోతుంది. ఫిలమెంటు బల్బుకి అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది మరి! బళ్ళు 12 వోల్టులకి మారాక అవే వాట్లకి వెలుగు మెరుగైంది అందుకే.

హాలోజెన్ బల్బుకి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు 1959లో పేటెంటు పొందారు. 1962లో అది యూరప్ కార్లకెక్కింది. 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్4 వచ్చింది. దాన్ని జాగ్రత్తగా చూడండి, డిప్ ఫిలమెంటు కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది. కిందికి పోయే వెలుగుని అది ఆపేస్తుంది. పైకి వెళ్ళిన వెలుగు అద్దం పైసగానికి తగిలి రోడ్డు మీదికి దిగుతుంది. ఎదుటివాడి కళ్ళని కాపాడేది ఆ గోరంత రేకే. లారీల హెడ్‌లైట్ల మీద నల్లరంగు బొట్టు పెట్టేవాళ్ళు గుర్తుందా? అదే జబ్బుకి మన నాటువైద్యం.

ఇప్పుడు మనం చేసేదేంటి? 35 వాట్ల బల్బు పీకి 100 వాట్లది పెడతాం. అంత కరెంటు చిన్న బండి ఇవ్వలేదు, హోల్డరు కాలుతుంది, వైర్లు కరుగుతాయి. ఎల్ఈడీ అయితే కరెంటు తక్కువే తింటుంది, నిజమే. కానీ పాత డూము ఫిలమెంటు కోసం చేసింది. వెలుగు పుట్టే చోటు కాస్త అటూ ఇటూ అయినా అది రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి మొహం మీద పడుతుంది.

గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఎదురొచ్చేవాడికి రెండు సెకన్లు కళ్ళు బైర్లు కమ్మితే 33 మీటర్లు గుడ్డిగా వచ్చేస్తాడు. ఆ 33 మీటర్లలో గేదె ఉండొచ్చు, మీరూ ఉండొచ్చు.

కాబట్టి ముందు డూము అద్దం తుడవండి. లోపలి మెరుపు పోయుంటే డూమే మార్చండి. బ్యాటరీ మీద నడిచే హెడ్‌లైటైతే రిలే పెట్టి మంచి వైరు వేయించండి. బండిని గోడకెదురుగా నిలబెట్టి, డిప్ వెలుగు హెడ్‌లైటు ఎత్తుకంటే కిందే ఉండేలా సరిచేయించండి. అప్పటికీ చాలకపోతే బల్బు సంగతి చూద్దాం.