పట్టా లోపలి పగులు: భిలాయ్ చెప్పని పాఠం

భిలాయ్ అనగానే నోట్స్‌లో మనం రాసుకునేది ఒక్క లైనే: 1955 ఒప్పందం, సోవియట్ సాయం. రాయపూర్ నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఆ కర్మాగారంలో రైలు పట్టాలు, ఉక్కు ప్లేట్లు తయారవుతాయి. మరి ఉక్కు లోపల కంటికి కనిపించని పగులును ఎలా పట్టుకుంటారు?

పగులు పెరిగేటప్పుడు తరంగాలు పుడతాయి. వాటిలో తిర్యక్ తరంగం, అంటే మన బీటెక్ షియర్ వేవ్, ఉక్కులో సెకనుకు దాదాపు 3.2 కిలోమీటర్లు వెళ్తుంది. పలుచని ప్లేటులో అది పై, కింది తలాలకు తగిలి, అనుదైర్ఘ్య తరంగంతో కలిసి కొత్త రూపంలో సాగుతుంది. ఆ గణితాన్ని 1917లో హోరేస్ ల్యాంబ్ తేల్చాడు. లోహాల్లో లోపాలను అల్ట్రాసౌండ్‌తో వెతకవచ్చని 1928లో సోవియట్ శాస్త్రవేత్త సొకొలోవ్ సూచించాడు. ఒత్తిడికి గురైన లోహం చేసే చప్పుళ్లపై 1950లో జర్మనీలో కైజర్ సిద్ధాంత వ్యాసం రాశాడు.

ఇప్పుడు రైల్వే సిబ్బంది పట్టాలపై తోసుకెళ్లే పరికరంలోని 70 డిగ్రీల ప్రోబ్ పంపేది ఈ షియర్ తరంగాన్నే. పగులుంటే ప్రతిధ్వని తిరిగొస్తుంది.

యుద్ధకాలంలో ల్యాంబ్ రాసిన సమీకరణాలు ప్లేట్ల తనిఖీకి అక్కరకొచ్చింది 1950ల చివర్లో. మౌలిక పరిశోధనకు నిధులెందుకని మెయిన్స్‌లో అడిగితే ఈ నలభై ఏళ్లను గుర్తుచేయండి. విశాఖ నుంచి రాయపూర్ రైలెక్కే మనవాళ్ల ప్రాణాలు ఆ ప్రతిధ్వని మీద కూడా ఆధారపడి ఉన్నాయి.