బెంగుళూరు దండులో జెల్లీ

శ్రీరంగపట్నంలో జ్వరాలకు తట్టుకోలేక ఇంగ్లీషు సైన్యం 1809లో బెంగుళూరుకు మకాం మార్చింది. పాత పేటకు తూర్పున, హలసూరు చెరువు చుట్టుపక్కల లేచిన ఆ కొత్త బస్తీని జనం దండు అన్నారు. సైన్యం వెంట మద్రాసు రాజధాని నలుమూలల నుంచీ అరవవాళ్ళు, తెలుగువాళ్ళు బతుకుతెరువు కోసం వచ్చారు. సిపాయిలు, సరుకు వర్తకులు, గుర్రపువాళ్ళు, బట్లర్లు, వంటవాళ్ళు. దొరల బల్ల మీద వణుకుతూ నిలబడే జెల్లీని ఈ ఊళ్ళో మొదట చేసినవి ఈ వంటవాళ్ళ చేతులే.

ఆ రోజుల్లో జెల్లీ చేయడమంటే పొట్లం చింపి వేణ్ణీళ్ళలో కలపడం కాదు, రెండు రోజుల పని. దూడ కాళ్ళను శుభ్రం చేసి, ముక్కలుగా కొట్టి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించేవారు. వడగట్టి చల్లారబెడితే పైన కొవ్వు తెట్టు కట్టేది. దాన్ని ఆసాంతం తీసెయ్యాలి, లేకపోతే వాసన వేస్తుంది. అడుగున గట్టిపడినదాన్ని మళ్ళీ కరిగించి, నిమ్మరసం, పంచదార, కాస్త షెర్రీ కలిపి, గుడ్ల తెల్లసొన, పెంకులతో సహా వేసి మరిగించేవారు. మురికి అంతా తెల్లసొనకు అంటుకుని పైకి తేలేది. అప్పుడు ఫ్లానెల్ గుడ్డ సంచిలో పోసి, పిండకుండా బొట్టుబొట్టుగా దిగనివ్వాలి. తొందరపడి పిండితే జెల్లీ మబ్బుగా తయారవుతుంది. తీపి మానేసి మాంసం రసంతో చేస్తే అదే ఆస్పిక్. అందులో ఉడికించిన గుడ్డు, బఠానీ, క్యారట్, నాలుక మాంసం పేర్చి, అచ్చులోంచి బోర్లించి, లెట్యూస్ ఆకుల మధ్య వడ్డించేవారు. తరవాతి కాలపు జెల్లీ సలాడ్లకు ఇదే మూలం. బెంగుళూరులో ఆ కూరగాయలకూ కొదవ లేదు. 1874 నుంచి 1908 దాకా లాల్‌బాగ్ బాధ్యత చూసిన జాన్ కామెరాన్ హయాంలో సీమ కూరగాయల సాగు ఊరంతా పాకింది. మనం బెంగుళూరు వంకాయ అనే కూరగాయ కూడా ఆయన చలవేనంటారు.

ఆ వంటవాళ్ళకు ఇందులో కొత్త ఏముంది? కాళ్ళు ఉడికిస్తే జిగురు దిగుతుందని పాయా కాచే ప్రతి ఇంటికీ తెలుసు. శివాజీనగర్‌లో తెల్లవారుజామున తాగే పాయాలోనూ, మాంసాహారం వండే మిలిటరీ హోటళ్ళ కాల్ సూప్‌లోనూ పెదవులకు అంటుకునేది ఆ జిగురే. మనవాళ్ళు దాన్ని మిరియాలతో వేడివేడిగా తాగారు, దొరలు చల్లార్చి కోసుకు తిన్నారు. చల్లార్చడమే అసలు చిక్కు. జెలటిన్ గట్టిపడాలంటే మంచి చలి కావాలి, ముప్పై డిగ్రీలు దాటితే జారిపోవడం మొదలుపెడుతుంది. మద్రాసులో దానికోసం అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డల మీద ఆధారపడ్డారు. ఆ మంచు దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. బెంగుళూరు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. ధనుర్మాసపు రాత్రుల్లో ఇక్కడి చలి పదిహేను డిగ్రీల దాకా దిగుతుంది. ఆ చలికి ఐసు లేకుండానే జెల్లీ గట్టిపడుతుంది.

తయారీ పద్ధతులను కాగితం మీద పెట్టినవాళ్ళు మాత్రం దొరలే. మద్రాసు సైన్యంలో పనిచేసిన ఆర్థర్ కెన్నీ-హెర్బర్ట్ 'వైవర్న్' అనే కలం పేరుతో పత్రికలో రాసిన వ్యాసాలు 1878లో 'కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్' అనే పుస్తకమయ్యాయి. వంట తెలిసిన మనిషి, శ్రద్ధగా రాశాడు. కానీ ఆయన పుస్తకంలో వంటవాడి పేరు ఎప్పుడూ రామసామే. అదొక మనిషి పేరు కాదు, ఆ వృత్తికే ఆయన తగిలించిన పేరు. దొరసాని చదివి చెబితే చెవితో పట్టుకుని, చేత్తో సరిచేసుకుని, కొడుక్కో అల్లుడికో అప్పజెప్పిన వాళ్ళ అసలు పేర్లు పుస్తకాలకు ఎక్కలేదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

అమెరికాలో పియర్ల్ వెయిట్ 1897లో జెల్-ఓ పొడి తయారుచేశాక, ఈ కష్టమంతా పొట్లంలోకి కుదించుకుపోయింది. క్యాబేజీ, సెలరీ తరుగును పుల్లటి జెల్లీలో పేర్చిన 'పర్ఫెక్షన్ సలాడ్' 1905 ప్రాంతంలో నాక్స్ జెలటిన్ కంపెనీ పోటీలో మూడో బహుమతి తెచ్చుకుని ఆ దేశమంతా పాకింది. ఇక్కడ పొడి జెలటిన్‌కు రెండు అడ్డంకులు ఎదురయ్యాయి. ఎముకలు, తోళ్ళ నుంచి తీసిన పదార్థం శాకాహారుల గడప దాటలేదు. రెండోది పండ్ల సంగతి. పచ్చి అనాసలోనూ బొప్పాయిలోనూ మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైములుంటాయి. వాటి ముక్కలు వేస్తే జెలటిన్ ఎంతసేపటికీ పేరుకోదు. ఉడికించిన డబ్బా అనాసతో ఆ బాధ లేదు.

రెండింటికీ విరుగుడు సముద్రపు పాచిలో దొరికింది. జపానులో పదిహేడో శతాబ్దం నుంచీ వాడుకలో ఉన్న అగర్‌ను మన కిరాణా కొట్లు చైనా గ్రాస్ పేరుతో, తెల్లని పోగుల కట్టలుగా అమ్ముతాయి. లీటరు నీళ్ళకు పది గ్రాములు చాలు. నానబెట్టి, పోగు కనబడకుండా మరిగించి దించితే, నలభై డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది. ఎనభై అయిదు దాకా వేడిచేస్తే గాని మళ్ళీ కరగదు. నిమ్మరసం మాత్రం దించాకే కలపాలి, పులుపుతో మరిగిస్తే పట్టు పోతుంది. వేడికి తేలిగ్గా కరగని ఈ గుణమే 1881లో జర్మనీలో సూక్ష్మజీవశాస్త్రాన్ని ఒక మలుపు తిప్పింది. రాబర్ట్ కోక్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే జెలటిన్ వేడికి కరిగిపోతుంటే, అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ, తన వంటింట్లో జెల్లీలకు వాడే అగర్‌ను వాడి చూడమంది. జావాలో ఉండివచ్చిన స్నేహితుల దగ్గర ఆమె నేర్చుకున్న చిట్కా అది. ఇవాళ బెంగుళూరు జీవశాస్త్ర ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను పెంచే పెట్రి పళ్ళేల్లో ఉన్నది అదే. మన దేశంలో ఈ పాచిని మన్నారు సింధుశాఖలో రామనాథపురం తీరపు ఆడవాళ్ళు మునిగి కోసుకొస్తారు.

ఇక బెంగుళూరు వంటిళ్ళ సంగతికొస్తే, రంజాన్ నెలలో పాలలో చైనా గ్రాస్ కరిగించి చేసే పుడ్డింగు ఇఫ్తారుకు చాలా ఇళ్ళలో ఉంటుంది. కన్నడ తీరం కరావళి నుంచి వచ్చిన గడ్‌బడ్ ఐస్‌క్రీమ్‌లో పండ్ల ముక్కల మధ్య జెల్లీ ఉండి తీరాలి. ఉప్పూ పులుపూ కలిసిన జెల్లీ సలాడ్‌కు మాత్రం ఈ ఊళ్ళో చోటు దొరకలేదు. నానబెట్టిన పెసరపప్పు, కీరదోస, కొబ్బరి, ఆవాల పోపు వేసిన కోసంబరి పక్కన ఉండగా కూరగాయలను జెల్లీలో బంధించి తినాలని ఎవరికి అనిపిస్తుంది? పళ్ళ కింద కరకరలాడాల్సిన దోసముక్క జెల్లీలో ఆ గుణం పోగొట్టుకుంటుంది.

కోలారు బంగారు గనుల్లో పుట్టి పెరిగిన బ్రిజెట్ వైట్-కుమార్ బెంగుళూరులో ఉంటూ ఆంగ్లో-ఇండియన్ ఇళ్ళ వంటలను పుస్తకాలుగా కూర్చారు. పెద్దల నోట విన్న కొలతలను అచ్చులోకి తెచ్చిన ఆ పని విలువైనది. దండు బట్లర్ల, వంటవాళ్ళ కుటుంబాల్లోనూ ఈ పని జరగాలి. దూడ కాళ్ళ బదులు వాళ్ళు ఏ కాళ్ళు వాడారు, గుడ్లు దొరకనప్పుడు రసాన్ని దేనితో తేర్చారు, ఏ ఏడు చైనా గ్రాస్‌కు మారారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆ మనిషి పేరేమిటి? వీటికి జవాబులు వాళ్ళ మనవలు, మునిమనవల జ్ఞాపకాల్లో దొరికే అవకాశం ఇంకా ఉంది.