రేడియో తన గొంతు తానే తగ్గించుకోవడం ఎలా నేర్చుకుంది?

మీ ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ ఒకసారి ఓపెన్ చేయండి. సిగ్నల్ స్ట్రెంగ్త్ మైనస్ 60 డీబీఎం కనిపించొచ్చు, మైనస్ 120 కూడా కనిపించొచ్చు. ఈ స్కేల్‌లో 10 తగ్గితే పవర్ పదో వంతుకు పడిపోయినట్టు. అంటే 60 తేడా వస్తే 10 లక్షల రెట్లు! అయినా కాల్ నడుస్తూనే ఉంటుంది. దీని వెనకున్న టెక్నిక్స్‌లో ఒకటి ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్, షార్ట్‌గా ఏజీసీ. దాని కథ దాదాపు వందేళ్ల కిందట మొదలైంది.

1920ల అమెరికా. ఊరూరా రేడియో స్టేషన్లు వస్తున్నాయి. దూరపు స్టేషన్ కోసం వాల్యూమ్ పెంచుకుని, అక్కణ్నుంచి లోకల్ స్టేషన్‌కి తిప్పారంటే చెవులు గింగుర్లే. రాత్రిపూట ఇంకో గొడవ. దూరపు స్టేషన్ల తరంగాలు ఆకాశంలోని పై పొరకు తగిలి వెనక్కి వస్తాయి కదా, అందుకే పాట ఒక నిమిషం బాగా వినబడి, మరు నిమిషం మాయమైపోయేది. వినేవాళ్ల చెయ్యి నాబ్ మీదే ఉండాలి.

1925 చివర్లో దీన్ని పట్టుకున్నాడు హెరాల్డ్ వీలర్. వయసు 22. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుతూ, హేజెల్టైన్ కంపెనీకి పనిచేస్తున్నాడు.

ఇక్కడ అసలు చిక్కేంటో చూడండి. "సౌండ్ పెరిగితే తగ్గించు" అని సర్క్యూట్‌కి చెప్తే సరిపోతుంది అనిపిస్తుంది. కానీ అలా చేస్తే గాయకుడు మెల్లగా పాడినా, గొంతెత్తి పాడినా ఒకేలా వినిపిస్తుంది. పాటలో ప్రాణం పోతుంది. దారిలో వచ్చిన హెచ్చుతగ్గుల్ని చెరిపేయాలి, పాటలో ఉన్న హెచ్చుతగ్గుల్ని మాత్రం ముట్టుకోకూడదు. మరి రెండూ కలిసి వస్తుంటే విడదీసేదెలా?

ఏఎం ప్రసారంలో ప్రోగ్రామ్ ఏదైనా క్యారియర్ సగటు బలం మారదు. అది మారిందంటే కారణం దారే. వీలర్ వాడిన డయోడ్ డిటెక్టర్ సౌండ్‌తో పాటు ఒక డీసీ వోల్టేజ్ కూడా ఇస్తుంది. ఆ డీసీ క్యారియర్ బలానికి కొలత. దాన్ని రెసిస్టర్, కెపాసిటర్‌తో వడగట్టి, నెగటివ్ వోల్టేజ్‌గా ముందున్న యాంప్లిఫయర్ ట్యూబులకు తిరిగి ఇచ్చాడు. సిగ్నల్ బలం పెరిగిందా, గెయిన్ తగ్గుతుంది. మన ఇంటి ట్యాంకులో బంతి పైకి లేస్తే నీళ్లు ఆగినట్టు, అంతే!

అయితే టైమింగ్ కుదరాలి. సర్క్యూట్ మరీ తొందరపడితే పాటలోని బేస్‌ని తినేస్తుంది. మరీ బద్ధకిస్తే సిగ్నల్ పడిపోయినప్పుడు అందుకోలేదు.

1929లో ఫిల్కో మోడల్ 95 ఈ సర్క్యూట్‌తో మార్కెట్లోకి వచ్చింది. తర్వాత రేడియోల్లో ఇది మామూలైపోయింది. కానీ పేటెంట్ నిలవలేదు. ఆటోమేటిక్‌గా వాల్యూమ్ సర్దే పద్ధతులు వీలర్ కంటే ముందే కొన్ని ఉన్నాయి. డెట్రోలా కంపెనీతో నడిచిన కేసులో, ఇందులో పేటెంట్ ఇచ్చేంత కొత్తదనం లేదని 1941లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంజినీర్‌గా నాకు మాత్రం, తెలిసిన ముక్కల్ని సరైన చోట కలపడమే సగం పని అనిపిస్తుంది.

ఏజీసీ ఒక కొత్త సమస్య కూడా తెచ్చింది. స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో ఇదివరకు సౌండ్‌ని బట్టి తెలిసేది. ఇప్పుడు కాస్త పక్కకు తిప్పినా సౌండ్ పెద్దగా తగ్గదు! అందుకే 1935లో ఆర్‌సీఏ మ్యాజిక్ ఐ ట్యూబ్ తెచ్చింది. తాతయ్యల కాలం వాల్వ్ రేడియోల్లో వెలిగే ఆ పచ్చకన్ను ఇదే. చాలా సెట్లలో ఆ కన్ను ఏజీసీ వోల్టేజ్‌నే చూపిస్తుంది. మనవాళ్లు షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ తెలుగు పాటలు వింటున్నప్పుడు, తేలిపోతూ వచ్చే ఆ సిగ్నల్‌ని వీలైనంత నిలబెట్టింది కూడా ఏజీసీయే.

ఇప్పుడు మన ఫోన్లో మాట డిజిటల్‌గా వస్తుంది, కాబట్టి ఏజీసీ పని వాల్యూమ్ సర్దడం కాదు. సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఏడీసీకి తగినంత సైజులో అందించడం. ఎక్కువైతే పైభాగం తెగిపోతుంది, తక్కువైతే నాయిస్‌లో కలిసిపోతుంది. ట్యూబులు పోయి చిప్ వచ్చింది, వీలర్ వేసుకున్న ప్రశ్న మాత్రం అదే: ఏ మార్పు దారిది, ఏ మార్పు మాటది?

మీ ఇంట్లో పచ్చకన్ను రేడియో ఉందా? ఉంటే కామెంట్లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.