బస్తా మీది మూడక్షరాలు

తొలకరికి ముందు ఏ విత్తనాల దుకాణం దగ్గర నిలబడినా రైల్వే స్టేషన్ల కోడ్‌ల వంటి పేర్లు వినిపిస్తాయి. ఎంటీయూ, బీపీటీ, ఎన్‌ఎల్‌ఆర్, ఆర్‌ఎన్‌ఆర్. నిజానికి అవి ఊళ్ల పేర్లే: మార్టేరు, బాపట్ల, నెల్లూరు, రాజేంద్రనగర్. ఆ ఊళ్లలో సర్కారు జీతాల మీద పనిచేసిన శాస్త్రవేత్తలు తయారుచేసిన వరి వంగడాలకు ఆ అక్షరాలే ఇంటిపేర్లు.

గోదావరి డెల్టాలోని మార్టేరులో వరి పరిశోధన 1925లోనే మొదలైంది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో తెరుచుకుంది. అయితే పాఠం చెప్పేవారిది ఒక దారి, పరిశోధన చేసేవారిది మరో దారి. రెండింటినీ కలిపింది 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. మరుసటి ఏడాది మార్చిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నమూనా అమెరికాది. 1862 నాటి చట్టంతో అక్కడి రాష్ట్రాలు ప్రభుత్వ భూముల ఆదాయంతో కాలేజీలు పెట్టుకున్నాయి. ఆ కోవకు చెందిన కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమే ఇక్కడి కొత్త సంస్థకు చేయూతనిచ్చింది. బోధన, పరిశోధన, వాటిని రైతుకు చేరవేసే విస్తరణ మూడూ ఒక్కచోటే ఉండాలన్నది సూత్రం.

ఫలితం పొలంలో కనబడటానికి పదిహేనేళ్లకు పైనే పట్టింది. అంతకాలం ఓపిక పట్టే పెట్టుబడిదారు ప్రభుత్వం తప్ప మరొకరు ఉండరేమో.

1982లో మార్టేరు నుంచి ఎంటీయూ 7029 వచ్చింది. అదే స్వర్ణ. వశిష్ఠ, మసూరి రకాల సంకరం. ఈ మసూరి కథ చిత్రమైనది: మలేషియాలో రూపుదిద్దుకుని, అక్కడి లంకావి దీవి జానపద కథానాయిక పేరు పెట్టుకుని, ఆంధ్ర మాగాణుల్లో స్థిరపడింది. దాని బిడ్డ స్వర్ణ, తక్కువ నత్రజనితోనే మంచి దిగుబడినిస్తూ ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బిహార్ దాకా పాకింది. తర్వాత అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ముంపును తట్టుకునే జన్యువును చేర్చగా, 2009లో స్వర్ణ సబ్-1గా మళ్లీ విడుదలైంది. రెండు వారాలు నీట మునిగినా తేరుకునే పైరు అది.

1986లో బాపట్ల ఇచ్చిన బీపీటీ 5204 దారి వేరు. సాంబ మసూరిగా పేరుపడ్డ ఈ సన్నరకం దిగుబడితో కాక అన్నంతో గెలిచింది. మద్రాసు కాలం నాటి జీఈబీ 24 నాణ్యత, తైచుంగ్ నేటివ్-1 పొట్టిదనం, మసూరి రుచి అందులో కలిశాయి. రైతుకు మాత్రం ఇది సుఖమైన పంట కాదు. దాదాపు ఐదు నెలలు పొలంలో ఉంటుంది. అగ్గితెగులు, ఎండాకు తెగులు దీన్ని వెతుక్కుంటూ వస్తాయి. అయినా మిల్లర్లు ఎక్కువ ధర పెట్టారు, పట్నవాసులు సన్నబియ్యానికి అలవాటుపడ్డారు, రైతులు మందులు కొట్టుకుంటూనే వేశారు. ఎండాకు తెగులును తట్టుకునే రూపం హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధనా సంచాలనాలయం కలిసి పనిచేశాక 2008లో గానీ రాలేదు.

విశ్వవిద్యాలయం రాష్ట్రానికి ఏమి సంపాదించి పెట్టిందో లెక్క తీసేవారు సాధారణంగా జీతాలు, భవనాలు, విద్యార్థుల ఖర్చులు కూడతారు. ఇక్కడ ఆ పద్దు చాలదు. ప్రైవేటు హైబ్రిడ్ విత్తనాన్ని రైతు ఏటా కొనాలి. ఈ వంగడాలను మాత్రం తన గాదెలోంచే తీసి చల్లుకోవచ్చు, పక్కింటికి బదులివ్వచ్చు. లాభం లక్షల గాదెల్లోకి చెదిరిపోయింది గనుక విశ్వవిద్యాలయం పద్దులో దాని జాడే ఉండదు. నిధులు అడిగే వేళ అదే దాని బలహీనత కూడా.

2014లో రాష్ట్రం విడిపోయాక విశ్వవిద్యాలయమూ రెండైంది. ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఒకటి గుంటూరు దగ్గరి లాంకు చేరింది. రాజేంద్రనగర్‌లో ఉన్నది ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టుకుని మరుసటి ఏడాది ఆర్‌ఎన్‌ఆర్ 15048ను, అంటే తెలంగాణ సోనాను, విడుదల చేసింది. ఆస్తులు పంచుకున్నారు గానీ విత్తనాలు పంపకానికి లొంగలేదు: మార్టేరు ఇచ్చిన ఎంటీయూ 1010 తెలంగాణ చెల్కల పక్క మాగాణుల్లో పండుతూనే ఉంది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన తొలి రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటి ఆ 1010 నుంచి, రెండోది బాపట్ల సాంబ మసూరి నుంచి పుట్టినవే.