జిమి హెండ్రిక్స్

జిమి హెండ్రిక్స్ (1942 నవంబరు 27 - 1970 సెప్టెంబరు 18) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గిటారు వాద్యకారుడు, గాయకుడు, గీత రచయిత. నల్లజాతి వారి బ్లూస్ సంగీతాన్ని పునాదిగా చేసుకొని, 1960వ దశకంలో సైకెడెలిక్ రాక్ సంగీతానికి రూపురేఖలు దిద్దిన వారిలో ఇతడు ముఖ్యుడు. ఇతని కీర్తి అంతయు 1966 నుండి 1970 వరకు గల నాలుగేళ్ళలో గడించినదే. అంత కొద్దికాలంలోనే ఎలక్ట్రిక్ గిటారును వాయించే తీరునే మార్చివేశాడు. అయితే తన రికార్డులపై పూర్తి హక్కు మాత్రం జీవించి ఉండగా ఇతనికి దక్కలేదు.

బాల్యం

హెండ్రిక్స్ వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగరంలో జన్మించాడు. తల్లి లూసిల్, తండ్రి ఆల్. పుట్టినప్పటి పేరు జానీ అలెన్ హెండ్రిక్స్. సైన్యంలో ఉన్న తండ్రి, రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి తిరిగివచ్చిన తరువాత 1946లో ఆ పేరును జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్ అని మార్చాడు. తల్లిదండ్రులు 1951లో విడిపోయారు. 1958లో తల్లి మరణించింది.

గిటారు కొనే స్తోమత లేని రోజులలో ఇతడు చీపురును చేతబట్టి వాయిస్తున్నట్లు అభినయించేవాడు. తరువాత, పారవేసిన సామానులో దొరికిన ఒంటితీగ ఉకులేలేపై రేడియోలో విన్న పాటలను పలికించాడు. ఐదు డాలర్లకు కొన్న పాత గిటారు ఇతని మొదటి గిటారు. హెండ్రిక్స్ కు స్వరలిపి చదవడం రాదు. మడ్డీ వాటర్స్, బి.బి.కింగ్, హౌలిన్ వుల్ఫ్ మొదలైన బ్లూస్ విద్వాంసుల రికార్డులు వినియే విద్య నేర్చుకున్నాడు.

సైన్యం, తొలి రోజులు

దొంగిలించిన కార్లలో తిరుగుతూ రెండుసార్లు పట్టుబడిన హెండ్రిక్స్, జైలుకు బదులు సైన్యాన్ని ఎంచుకొని 1961లో పారాచూట్ దళంలో చేరాడు. అక్కడ బేస్ గిటారు వాయించే బిల్లీ కాక్స్ తో స్నేహం కుదిరింది. 1962లో సైన్యం నుండి బయటపడి ఐస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ వంటి వారికి పక్కవాద్యకారుడుగా పనిచేశాడు.

1965 అక్టోబరులో ఎడ్ చాల్పిన్ అనే నిర్మాతతో మూడేళ్ళ ఒప్పందంపై సంతకం చేశాడు. ముందుగా ముట్టినది ఒక డాలరు, రాయల్టీ ఒక శాతం. పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత ఈ కాగితమే ఇతనిని కోర్టులకు ఈడ్చింది.

లండన్ లో కీర్తి

1966లో న్యూయార్క్ లోని ఒక చిన్న క్లబ్బులో ఇతని వాద్యాన్ని విన్న చాస్ చాండ్లర్ (యానిమల్స్ బృంద సభ్యుడు) ఆ సెప్టెంబరులోనే ఇతనిని లండన్ తీసుకువెళ్ళాడు. అక్కడ బేస్ గిటారుకు నోయెల్ రెడింగ్, డ్రమ్స్ కు మిచ్ మిచెల్ తోడుగా జిమి హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్ బృందం ఏర్పడింది. ఆ డిసెంబరులో విడుదలైన "హే జో", మరుసటి సంవత్సరం వచ్చిన "పర్పుల్ హేజ్" బ్రిటన్ లో విజయవంతమయ్యాయి.

స్వదేశంలో గుర్తింపు 1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవంతో వచ్చింది. ప్రదర్శన చివర హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పంటించాడు. అదే రోజు మధ్యాహ్నం అక్కడ సితార్ కచేరీ చేసిన పండిట్ రవిశంకర్ కు ఈ చర్య చాలా బాధ కలిగించింది. వాద్యాన్ని పూజించే సంప్రదాయం ఆయనది. ఆనాటి చలనచిత్రంలో రవిశంకర్ కచేరీని వింటున్న శ్రోతల మధ్య హెండ్రిక్స్ కూడా కనిపిస్తాడు.

వాదన శైలి

హెండ్రిక్స్ ది ఎడమచేతి వాటం. కుడిచేతి వాటం వారి కోసం తయారైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారును తలక్రిందులుగా పట్టుకొని, తీగలను తనకు అనువుగా తిరిగి బిగించుకొనేవాడు. పొడవైన బొటనవేలిని మెడమీదుగా చాచి మంద్రస్వరాన్ని నొక్కి, మిగిలిన వ్రేళ్ళతో రాగాన్ని నడిపేవాడు. అందువల్ల ఒక్క గిటారులోనే రెండు గిటారులు వినిపించేవి. "లిటిల్ వింగ్" పాట ఇందుకు మంచి ఉదాహరణ. వీణలో తీగను పక్కకు లాగి గమకం పలికించినట్లే, బ్లూస్ వాద్యకారులు తీగను వంచి స్వరాన్ని సాగదీస్తారు. ఈ పద్ధతిని ఇతడు ఎన్నడూ విడువలేదు.

సభలలో మైకు స్పీకరుకు దగ్గరైతే కూత వస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులోనూ అంతే. స్పీకరు ధ్వని తీగను మళ్ళీ కదిలించి ధ్వనిని పెంచుతూ పోతుంది. అంతవరకు చాలామంది దోషంగా భావించిన ఈ కూతను హెండ్రిక్స్, తాను నిలబడే చోటును, గిటారుకున్న మీటను మార్చుతూ సంగీతంగా మలచుకున్నాడు. కాలితో నొక్కే వా-వా పెడల్, ధ్వనిని గరుకుగా మార్చే ఫజ్ పరికరం కూడా ఇతని చేతిలో వాద్యంలో భాగమైనాయి.

వుడ్‌స్టాక్

1969 జూన్ లో ఎక్స్‌పీరియన్స్ బృందం విడిపోయింది. వుడ్‌స్టాక్ ఉత్సవంలో హెండ్రిక్స్ వంతు ఆగస్టు 18 సోమవారం ఉదయానికి గాని రాలేదు. అప్పటికి జనంలో అధిక భాగం వెళ్ళిపోయారు. అక్కడ ఇతడు అమెరికా జాతీయగీతాన్ని గాత్రం లేకుండా గిటారుపై వాయిస్తూ, మధ్యలో బాంబులు పడుతున్నట్లు, ఆర్తనాదాలు చెలరేగినట్లు ధ్వనులు పలికించాడు. వియత్నాం యుద్ధకాలం కావడంతో ఇది వివాదాస్పదమైంది. అది అవమానం కాదని హెండ్రిక్స్ తరువాత టెలివిజన్ లో వివరించాడు.

ఆ సంవత్సరాంతంలో బిల్లీ కాక్స్, బడ్డీ మైల్స్ లతో బ్యాండ్ ఆఫ్ జిప్సీస్ ఏర్పరచాడు. చాల్పిన్ తో వివాద పరిష్కారంలో భాగంగా ఈ బృందపు కచేరీ రికార్డును కాపిటల్ సంస్థకు ఇవ్వవలసి వచ్చింది.

మరణం

1970 ఆగస్టులో న్యూయార్క్ లో తన సొంత స్టూడియో ఎలక్ట్రిక్ లేడీని ప్రారంభించాడు. దానిని అనుభవించే అవకాశం ఎక్కువ రోజులు లేకపోయింది. సెప్టెంబరు 18న లండన్ లో, నిద్రమాత్రలు అధికంగా తీసుకున్న స్థితిలో వాంతి అడ్డుపడి ఊపిరాడక మరణించాడు. వయస్సు 27 సంవత్సరాలు. విచారణాధికారి మరణ కారణాన్ని ఆత్మహత్య అని గాని, ప్రమాదమని గాని నిర్ధారించలేదు. సియాటిల్ సమీపంలోని రెంటన్ లో అంత్యక్రియలు జరిగాయి.

మరణానంతరం

హెండ్రిక్స్ వీలునామా వ్రాయలేదు. ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు ఇతని రికార్డులు ఇతరుల అధీనంలోనే వెలువడ్డాయి. తండ్రి న్యాయపోరాటం చేసి 1995లో హక్కులను తిరిగి పొందాడు. హెండ్రిక్స్ పూర్తిచేయకుండా వదలిన ఆల్బమును కుటుంబ సంస్థ 1997లో "ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్" అనే పేరుతో వెలువరించింది.

1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ లో హెండ్రిక్స్ కు స్థానం లభించింది. లండన్ లో ఇతడు నివసించిన 23, బ్రూక్ వీధి నివాసాన్ని 2016 నుండి ప్రజల సందర్శనకు తెరిచారు. ప్రక్క ఇల్లు 18వ శతాబ్దపు సంగీతకారుడు హాండెల్ ది.

జీవితకాలంలో వెలువడిన ఆల్బములు

* ఆర్ యు ఎక్స్‌పీరియన్స్‌డ్ (1967)
* యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్ (1967)
* ఎలక్ట్రిక్ లేడీలాండ్ (1968) - అమెరికాలో మొదటి స్థానం పొందినది
* బ్యాండ్ ఆఫ్ జిప్సీస్ (1970) - కచేరీ రికార్డు