ట్రాక్ డే టైర్లు: గాలి పీడనం, అరుగుదల

సొంత కారును రేసింగ్ ట్రాక్ మీద, రుసుము కట్టి, గెలుపోటముల పట్టింపు లేకుండా వేగంగా నడుపుకునే రోజును ట్రాక్ డే అంటారు. ఆ రోజు కారులో ముందుగా దెబ్బతినేవి బ్రేకులు, టైర్లు. టైరులో ఎంత గాలి ఉంచాలి, అరుగుదలను ఎలా అదుపు చేయాలి అన్న విద్య మొదట రేసింగ్ జట్లకే పరిమితం. మామూలు కార్ల యజమానులకు అది చాలా ఆలస్యంగా అందింది.

గాలి టైరుకు రాబర్ట్ విలియం థామ్సన్ 1840లలోనే పేటెంట్ తీసుకున్నాడు. అయినా అది నిలదొక్కుకున్నది 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో సైకిలు టైరు చేశాకే. 1895 పారిస్-బోర్డో-పారిస్ పందెంలో మిషెలిన్ సోదరులు గాలి టైర్ల కారును దింపారు. దారి పొడవునా పంక్చర్లే. గాలిని టైరులో నిలపడమే గగనమైన ఆ రోజుల్లో ఎంత గాలి అన్న ప్రశ్నకు పెద్దగా తావు లేదు. ఇక మామూలు కార్లు ట్రాక్ ఎక్కిన సంగతికొస్తే, జర్మనీలో 1927లో మొదలైన నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ పందేలు లేని రోజుల్లో రుసుము తీసుకుని మామూలు వాహనాలనూ అనుమతించింది. నేటి ట్రాక్ డేకు పూర్వరూపం అదే.

మిషెలిన్ 1946లో పేటెంట్ పొందిన రేడియల్ టైరు లెక్కలు మార్చింది. దాని పక్క గోడలు వంగినా ట్రెడ్ నేలకు పరుచుకునే ఉంటుంది. గాలి మరీ తగ్గితే మాత్రం మలుపులో టైరు పక్కకు ఒరిగి, బయటి అంచు తరుగుతుంది. 1971లో ఫార్ములా వన్‌లోకి గాళ్ళు లేని నున్నటి స్లిక్ టైర్లు వచ్చాయి. వాటితో రబ్బరు వేడికి మరింత ప్రాధాన్యం పెరిగింది.

అసలు కీలకం వేడే. చల్లగా 30 డిగ్రీల దగ్గర 30 పీఎస్‌ఐ కొట్టించిన టైరులోని గాలి, ట్రాక్ మీద 80 డిగ్రీలకు చేరితే గేజు సుమారు 37 చూపిస్తుంది. ట్రెడ్ మధ్యలో ఉబ్బి, నేలను పట్టుకునే వైశాల్యం తగ్గి, కారు జారడం మొదలవుతుంది. అదే 26తో మొదలుపెడితే వేడెక్కాక 33 దగ్గర ఆగుతుంది. అందుకే ట్రాక్ మీద చల్లటి అంకె కన్నా వేడి అంకే ప్రమాణం. నాలుగైదు ల్యాపులు తిరిగి రాగానే, టైరు చల్లారకముందే కొలిచి, ఎక్కువైన గాలి వదిలేస్తారు. నైట్రోజన్ కొట్టిస్తే పీడనం పెరగదన్నది అపోహ. పొడి గాలి అయినా, నైట్రోజన్ అయినా వ్యాకోచం దాదాపు ఒకటే. గాలిలోని తేమ మాత్రం పీడనాన్ని ఇంకాస్త పెంచుతుంది.

రబ్బరులోకి సన్నటి సూది గుచ్చి, లోపలి అంచు, మధ్య, బయటి అంచు అని మూడు చోట్ల వేడి చూసే పద్ధతి రేసింగ్ పిట్ల నుంచి వచ్చింది. మధ్య భాగమే ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు, రెండంచులూ వేడిగా ఉంటే తక్కువైనట్టు. లోపలి అంచు ఒక్కటే మరీ కాలుతుంటే తప్పు గాలిది కాదు, చక్రం వంపుది. సూది లేనివారు టైరు భుజం మీద సుద్దముక్కతో గీత గీస్తారు. ఆ గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంత ఒరిగిందో తెలిసిపోతుంది. ఖర్చులేని ఈ ఉపాయం ఇప్పటికీ నమ్మదగ్గదే.

టైరు పీడనాన్ని కారే గమనించే ఏర్పాటు 1986లో పోర్షె 959తో వచ్చింది. 2000లో అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్ల వైఫల్యాలు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ప్రమాదాల తరువాత వచ్చిన చట్టంతో అక్కడి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరైంది. రేసుల్లోనూ గుణపాఠాలు తప్పలేదు. 2013 బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో సిల్వర్‌స్టోన్ వద్ద పిరెల్లి టైర్లు వరసగా పగిలాయి. ఆ తరువాత కుడి, ఎడమ టైర్లను తారుమారు చేయడాన్ని నిషేధించి, కనీస పీడనం పాటించాలన్న నిబంధన పెట్టారు.

భారతదేశంలో ఒకప్పుడు మద్రాసు దగ్గరి షోలవరం పాత విమానతలం మీద పందేలు జరిగేవి. 1990లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్, 2011లో గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ వచ్చాయి. ఇక్కడ ట్రాక్ మీదికి వచ్చే హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావరకు ముందు చక్రాలతో నడిచేవే. లాగడం, తిప్పడం, ఆపడంలో అధిక భారం వాటి ముందు టైర్లదే. బుద్ధ్‌లా గడియారపు దిశలో తిరిగే ట్రాక్ మీద ఎడమ ముందు టైరు అన్నిటికన్నా త్వరగా అరుగుతుంది. ఎండాకాలం తారు కాలుతుండగా గాలి ఒకటి రెండు పీఎస్‌ఐ ఇంకా తగ్గించి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ట్రాక్ కోసం గాలి తగ్గించిన టైరు చల్లారాక తలుపు స్తంభం మీద కారు కంపెనీ సూచించిన పీడనం అంకెకు దిగువకు పడిపోతుంది. ఇంటికి బయలుదేరే ముందు తిరిగి గాలి కొట్టించకుండా హైవే ఎక్కకూడదు.